మిగిలిన నీళ్ళ పైపుతో నిలువు పిల్లనగ్రోవి: గాలి తప్ప శబ్దం రావట్లేదు

విభాగం: ఇంటి రిపేర్లు, ప్లంబింగ్

మిగులు_పైపు (హన్మకొండ), మే 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మేడ మీద ట్యాంకు పని అయిపోయాక నాలుగడుగుల తెల్ల పైపు ముక్క మిగిలింది. ముప్పావు ఇంచుది. పారేయబుద్ధి కాలేదు. జపాన్ వాళ్ళు నిలువుగా పట్టుకుని ఊదే షాకుహాచి అనే పిల్లనగ్రోవిని ఇలాంటి పైపుతోనే చేసుకోవచ్చని ఒక వీడియోలో చూశాను. బ్లేడుతో రెండడుగుల ముక్క కోసి, ఒక కొసన అంచు చెక్కి, ఐదు రంధ్రాలు కూడా పెట్టేశాను.

మూడు రోజులుగా ఊదుతున్నాను. ఒక్క స్వరం లేదు, గాలి మాత్రం దండిగా వస్తోంది. మా అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు కర్ర పట్టుకుని వచ్చింది, పాము బుసకొడుతోందేమోనని. తల తిరుగుతోంది కూడా. తప్పు పైపుదా, నాదా?

ఏ విభాగంలో అడగాలో తెలియలేదు. పైపు కదా అని ఇక్కడ పెట్టాను.

జోకులేశ్వర్, మే 9, రాత్రి 10:20

కొసకి కుళాయి బిగించు, గాలి ఆగిపోతుంది.

హార్మోనియం_తాత (వరంగల్), మే 9, రాత్రి 10:41

నాయనా, పిల్లనగ్రోవి అంటే వెదురు. అడ్డంగా పట్టుకునేది. రామప్ప గుడికి పోయి గర్భాలయం వాకిలి పక్కన చూడు. క్రీస్తుశకం 1213 నాటి గుడి అది. అక్కడ కృష్ణుడు మురళి ఎట్లా పట్టుకున్నాడో చూస్తే తెలుస్తుంది. నీళ్ళ పైపుని మూతికి పెట్టుకోవడం ఏం ఖర్మ? జాతరలో మంచి వెదురుది దొరుకుతుంది, కొనుక్కో. నిర్వాహకులు దీన్ని ఈ విభాగం నుంచి తీసేస్తే మంచిది. లేదా పిల్లవాడి మీద జాలిపడి సంగీతం విభాగానికి పంపండి.

పంతులు_ఫిజిక్స్, మే 10, ఉదయం 6:05

తాతగారికి నమస్కారం. అడ్డంగా ఊదేదే మన మురళి, కాదనను. కానీ నిలువు వేణువు మన దేశంలో లేకపోలేదు. రాజస్థాన్ ఎడారిలో పశువుల కాపరులు ఊదే నడ్ నిలువుదే. పర్షియా, తుర్కీ వాళ్ళ నేయ్, దక్షిణ అమెరికా కొండల్లోని కేనా, చైనా వాళ్ళ షియావ్ అన్నీ కొసన ఊదేవే. జర్మనీలో హోలె ఫెల్స్ గుహలో 2008లో రాబందు ఎముకతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. వయసు 35 వేల ఏళ్ళకు పైమాటే. అదీ కొసన ఊదేదే, దానికీ ఐదు రంధ్రాలే. మన కుర్రవాడు చేస్తున్నది పాత పనే, పైపు ఒక్కటే కొత్తది.

ఇక మిగులు_పైపు గారూ, మూడు సంగతులు చెప్పండి. ఒకటి, అంచు లోపలి వైపు నుంచి చెక్కారా, బయటి నుంచా? రెండు, చెక్కాక ఎమరీ పేపర్‌తో ఆ అంచుని గుండ్రంగా నున్నగా చేశారా? మూడు, ఊదేటప్పుడు పైపు నోరు మొత్తం పెదాలతో మూసేస్తున్నారా?

మిగులు_పైపు, మే 10, ఉదయం 7:30

సార్, లోపలి నుంచే చెక్కాను. పెదవి తెగుతుందేమోనని బాగా నున్నగా రుద్దాను. పెదాలతో పూర్తిగా మూసే ఊదుతున్నాను, శంఖంలాగ.

పంతులు_ఫిజిక్స్, మే 10, ఉదయం 7:52

మూడుకు మూడూ తప్పే. బాగుంది, ఇక కుదురుతుంది.

ఖాళీ సీసా మూతి మీద ఊదితే "బూ" అంటుంది చూశారా, ఇదీ అదే. పెదాల మధ్య నుంచి వచ్చే సన్నటి గాలి రేకు ఎదురుగా ఉన్న పదునైన అంచుకు తగలాలి. అక్కడ అది ఒకసారి పైపు లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊగుడు పైపులోని గాలిని కదిలిస్తుంది. అంచు మొద్దుగా ఉంటే గాలి దాన్ని రాసుకుంటూ జారిపోతుంది, మీ అమ్మగారికి వినపడిన బుస అదే. శంఖంలో, కొమ్ములో పెదాలే అదరాలి, ఆ పద్ధతి వేరు. బొప్పాయి కాడ బూరలో కాడ చీలిక అదురుతుంది, అదీ వేరే. ఇందులో అదిరేది గాలి ఒక్కటే.

కాబట్టి రంధ్రాలున్న ఆ ముక్కని పక్కన పెట్టేయండి. కొత్త ముక్క కోసి, ఒక్క రంధ్రం కూడా పెట్టకుండా ముందు అంచు చేయండి. పైకొస నేరుగా, చదునుగా కోయాలి. ఆ అంచు మీద ఒకచోట, బయటి నుంచి, చదును ఆకురాయితో ఏటవాలుగా రుద్దండి. పైపు నిలువు గీతకి 30 డిగ్రీల వాలు చాలు. లోపలి గోడ దగ్గర 12 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల లోతు వచ్చేదాకా. ఆ లోపలి అంచుని ఎమరీతో ముట్టుకోవద్దు. పిప్పరమెంటు బిళ్ళ విరిచినప్పుడు ఉండే అంచంత పదును ఉండాలి, బ్లేడంత అక్కర్లేదు.

మిగతా అంచంతా, ముఖ్యంగా గడ్డానికి తగిలేచోట, ఎంత నున్నగా చేసుకున్నా మంచిదే. పైపు నోటిని గడ్డం, కింది పెదవి కలిసి మూస్తాయి. చెక్కిన చోట మాత్రమే సందు ఉంటుంది. పెదాలు నవ్వబోయి ఆగినట్టు పెట్టి ఆ సందులోంచి సన్నగా ఊదండి. బలంగా కాదు. అద్దం ముందు నిలబడితే తొందరగా పట్టుబడుతుంది. పది నిమిషాలకు మించి ఊదకండి, తల తిరిగేది అతిగా ఊపిరి తీసి వదలడం వల్లే.

కాజీపేట_ప్లంబర్, మే 10, మధ్యాహ్నం 2:15

నా విభాగంలోకొచ్చి సంగీతం మాట్లాడుతున్నారు కాబట్టి పైపు సంగతి నేను చెప్తా.

తమ్మీ, నీ దగ్గరున్నది తెల్లది అంటున్నావు కాబట్టి యూపీవీసీ, చన్నీళ్ళది. దాని మీద గీతలా అచ్చు ఉంటుంది, షెడ్యూల్ 40 అని గాని 80 అని గాని. ముప్పావు ఇంచు షెడ్యూల్ 40 అయితే లోపలి బోలు 21 మిల్లీమీటర్లు, గోడ 3 కి కొంచెం తక్కువ. 80 అయితే గోడ దాదాపు 4, బోలు 19. రెండూ పనికొస్తాయి గాని, లెక్కలు మారతాయి. గంధం రంగులో ఉండేది సీపీవీసీ, వేడినీళ్ళది. ముప్పావు ఇంచు సీపీవీసీ బోలు 18 మాత్రమే. షాపులో ముప్పావు అని అడిగితే రెండూ ఇస్తారు, ఇంట్లో కొలుచుకుంటే తేడా తెలుస్తుంది. పొలం పైపు పలచన, కరెంటు పైపు ఇంకా పలచన. అంచు నిలవదు, వద్దు.

మూతికి పెట్టేది కాబట్టి ఒక మాట. తాగునీటి కొత్త పైపే వాడు. పాత ఇంట్లో పీకేసిన పైపు, బోరులోంచి తీసిన పైపు వద్దు. ఇదివరకు పీవీసీలో సీసం కలిపేవాళ్ళు. దాన్ని ఆపడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. పాత ముక్కలో ఏముందో ఎవరూ చూసి చెప్పలేరు.

నేరుగా కోయడానికి: ఒక కాగితం అంచుని పైపు చుట్టూ చుట్టి, అంచుకి అంచు కలిసేట్టు పెట్టి పెన్సిల్ గీయి. ఆ గీత మీద పైపుని తిప్పుతూ కొంచెం కొంచెం కోయి. ఒకే దెబ్బకి కోస్తే బ్లేడు వంకరపోతుంది. లోపల పేరుకున్న పొట్టు తీసెయ్యి. రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో, ఎమరీని నీళ్ళలో ముంచి రుద్దితే దుమ్ము లేవదు.

కరీంనగర్_పోరడు, మే 10, సాయంత్రం 5:50

రంధ్రాలకు డ్రిల్ మిషన్ ఎందుకన్నా, ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి గుచ్చితే ఐపోతుంది కదా. జాతరలో పిల్లనగ్రోవులు అమ్మేటాయన అట్లనే చేసిండు, నేను చూసిన.

కాజీపేట_ప్లంబర్, మే 10, సాయంత్రం 6:02

ఆయన గుచ్చింది వెదురుకి. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ వస్తుంది. గొంతు, కళ్ళు మండుతాయి. చెయ్యకు.

కరీంనగర్_పోరడు, మే 10, సాయంత్రం 6:40

ఆలస్యంగా చెప్పిండ్రు. కండ్లు ఇంకా నీళ్ళు కారుతున్నయ్.

మేదరి_మనుమడు (ములుగు), మే 11, ఉదయం 9:10

తాత చెప్పిన వెదురు సంగతి మీద ఒక మాట. మా తాత తట్టలు, చాటలు అల్లేవాడు. ఏటూరునాగారం అడవి వెదురు మా ఇంటికి కట్టలు కట్టలుగా వచ్చేది. అందులో పిల్లనగ్రోవికి పనికొచ్చే ముక్క దొరకడం కష్టం. ఇక్కడ ఎక్కువగా దొరికేది గట్టి వెదురు. గోడ మందం, బోలు సన్నం, కణుపులు దగ్గర దగ్గర. బుట్టకీ, కర్రకీ, నిచ్చెనకీ బ్రహ్మాండం. వేణువుకి కావలసింది పలచటి గోడ, పొడుగు కణుపు. అది అస్సాం వైపు పెరుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్‌లో వేణువులు చేసేవాళ్ళు కూడా అస్సాం వెదురే తెప్పించుకుంటారు. మేడారంలో బుట్టకు గుచ్చుకుని అమ్మేవాటిని మన ఊరి వెదురు అనుకుంటాం గాని, వాటికి రైలు టికెట్ అయ్యే ఉంటుంది.

అందుకే నాకు పైపు మీద కోపం లేదు. కణుపు లేదు, పగుళ్ళు లేవు, పురుగు పట్టదు. చిన్నప్పుడు నేను చెడగొట్టిన వెదురు ముక్కలకు మా తాతతో తిన్న తిట్లు గుర్తొస్తే, ఈ పైపు ముందే వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మిగులు_పైపు, మే 12, రాత్రి 1:47

వచ్చింది!!!

రాత్రి పదకొండుకి ఒక్కసారి "హూ" అంది, మళ్ళీ పోయింది. పన్నెండున్నరకి మళ్ళీ వచ్చింది, ఈసారి నాలుగు సెకన్లు నిలబడింది. అద్దం ముందు నా మొహం చూసి నాకే నవ్వొచ్చి పోగొట్టుకున్నాను. కింద అరచేత్తో మూసి ఊదితే తేలిగ్గా వస్తోంది, కానీ శబ్దం బాగా కిందికి దిగిపోతోంది. ఎందుకు?

పంతులు_ఫిజిక్స్, మే 12, ఉదయం 6:00

శుభం. కింద మూస్తే పైపు మూసిన గొట్టం అవుతుంది. రెండువైపులా తెరిచి ఉన్న గొట్టంలో పొడవుకి రెట్టింపు తరంగం ఇముడుతుంది, ఒకవైపు మూస్తే నాలుగింతలది. అందుకే దాదాపు ఒక స్థాయి కిందికి పోతుంది. నేర్చుకునేటప్పుడు అలా మూసి ఊదడం మంచి సాధనే.

ఇప్పుడు పొడవు. షాకుహాచి అంటే "ఒక షాకు ఎనిమిది" అని అర్థం. షాకు వాళ్ళ పాత కొలత, 30.3 సెంటీమీటర్లు. ఎనిమిది అంటే షాకులో పదో వంతులు ఎనిమిది. 1.8 షాకులంటే 54.5 సెంటీమీటర్లు. దాని కింది స్వరం మన లెక్కలో రెండు శ్రుతి, హార్మోనియం మీద రెండో తెల్లమెట్టు, సెకనుకు 293.7 కంపనాలు. లెక్క కట్టి చూద్దాం: ధ్వని వేగం సెకనుకు 34,500 సెంటీమీటర్లు అనుకుని, కంపనాలకు రెట్టింపుతో భాగిస్తే 58.7 వస్తుంది. పైపు మాత్రం 54.5. మిగతా నాలుగు సెంటీమీటర్లు ఏమైనట్టు? గాలి స్తంభం పైపు కొసతో ఆగదు. కింద అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ బయటికి వస్తుంది. పైన పెదవి చాలా భాగం మూసేస్తుంది కాబట్టి అక్కడ మిగతాదంతా కలుస్తుంది.

మీ పెదవి ఎంత మూస్తుందో నాకు తెలియదు. అందుకని 56 కోసుకోండి. ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టుకుని, కింది కొస నుంచి కొద్దికొద్దిగా తగ్గించండి. అర సెంటీమీటరు తీస్తే దాదాపు 15 సెంట్లు పెరుగుతుంది. అర మెట్టుకు, అంటే హార్మోనియం మీద తెల్లదైనా నల్లదైనా పక్క మెట్టుకు, 100 సెంట్లు. కోసింది మళ్ళీ అతకదు సుమా.

కాజీపేట_ప్లంబర్, మే 12, ఉదయం 8:20

అతుకుతుంది సార్, సాకెట్ ఉంటుంది.

మిగులు_పైపు, మే 14, సాయంత్రం 7:15

54.2 దగ్గర రెండు శ్రుతి కుదిరింది. ఇక రంధ్రాలు చెప్పండి సార్. చేతులు దురద పెడుతున్నాయి.

పంతులు_ఫిజిక్స్, మే 14, రాత్రి 8:40

కొలతలన్నీ కింది కొస నుంచే. ముందు వైపు నాలుగు: 12 సెంటీమీటర్లు, 17, 21.8, 28. వెనక బొటనవేలికి ఒకటి: 31.2. ఇవి 21 మిల్లీమీటర్ల బోలుకి, 10 మిల్లీమీటర్ల రంధ్రాలకి వేసిన లెక్క. ఒకేసారి 10 పెట్టొద్దు. ముందు 7, ఊది చూసి, గుండ్రటి ఆకురాయితో పెంచుకుంటూ పోండి. రంధ్రం పెరిగితే స్వరం పెరుగుతుంది. కింది రంధ్రం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే శ్రుతి చేసి, అది సరిపోయాకే పై దాని జోలికి వెళ్ళండి. రంధ్రాల మధ్య దూరం సమానంగా లేదని అందంగా సర్దకండి, అది స్వరాల దూరం.

కాజీపేట_ప్లంబర్, మే 14, రాత్రి 9:05

డ్రిల్ పెట్టే ముందు పైపులో సరిపోయే చీపురు కర్ర ముక్కో, చెక్క ముక్కో దూర్చు. లేకపోతే బిట్టు లోపల దిగ్గానే గోడ కొరుకుతుంది. మొదట 3 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత 5, తర్వాత 7. వేగం తక్కువ పెట్టు.

మిగులు_పైపు, మే 16, రాత్రి 11:20

ఒక తప్పు చేశాను. నాలుగూ బాగా వచ్చాయి కదా అని మూడో రంధ్రాన్ని ఇంకొంచెం రుద్దాను. 30 సెంట్లు పైకి పోయింది. పైపు పారేయాలా?

మేదరి_మనుమడు, మే 17, ఉదయం 7:00

పారేయకు. రంధ్రం లోపల, మూతి వైపున్న అంచుకి మైనం గాని, ఎం-సీల్ గాని కొంచెం పెట్టు. రంధ్రం చిన్నదై కిందికి జరిగినట్టవుతుంది, స్వరం దిగుతుంది. వెదురుకి మా తాత లక్క పెట్టేవాడు. ఎం-సీల్ అయితే గట్టిపడ్డాక రుద్ది నున్నగా చేసుకోవచ్చు.

ఇద్దరు_పిల్లల_తల్లి (పరకాల), మే 17, మధ్యాహ్నం 3:30

మా పాపకి తొమ్మిదేళ్ళు. ఈ చర్చ చదివి వినిపిస్తే తనకీ కావాలంటోంది. 12కి 28కి మధ్య వేళ్ళు చాపలేదు. చిన్నది చేయొచ్చా? అంచు చెక్కడం నావల్ల కాదేమో.

పంతులు_ఫిజిక్స్, మే 17, సాయంత్రం 4:10

అమ్మా, చిన్నది చేయొచ్చు. అదే పైపు 40 సెంటీమీటర్లు కోస్తే ఐదు శ్రుతి దగ్గరికి వస్తుంది. కానీ తొమ్మిదేళ్ళ పాపకి అంతకన్నా సులువైనది చెబుతాను. రంధ్రాలూ వద్దు, అంచూ వద్దు. అర ఇంచు సీపీవీసీ పైపు ఆరు ముక్కలు కోసి, ఒక్కోదానికి కింద ఎండ్ క్యాప్ బిగించండి. లోపలి లోతు 16, 14.2, 12.6, 10.5, 9.3, 7.7 సెంటీమీటర్లు. వరసగా పక్కపక్కన టేపుతో కట్టండి. సీసా మీద ఊదినట్టు ఊదితే స రి గ ప ద స, మోహన రాగం. లోతు ఎక్కువై స్వరం తగ్గితే కొవ్వొత్తి మైనం చుక్కలు లోపల వేయండి, పెరుగుతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి, మే 19, రాత్రి 8:00

చేశాం సార్! చివరి చిన్న గొట్టం ఒక్కటే కీచుమంటోంది, మిగతావి బాగున్నాయి. ఇప్పుడు మా చిన్నోడు తనకొకటి కావాలని ఏడుపు. మళ్ళీ షాపుకి.

మిగులు_పైపు, మే 20, రాత్రి 9:30

ఎం-సీల్ పని చేసింది. ఐదు రంధ్రాలూ కుదిరాయి. అర నిమిషం రికార్డు చేసి ఇక్కడ పెట్టాను. మధ్యలో వినపడేది మా వీధి ఐస్‌క్రీం బండి, పట్టించుకోకండి.

హార్మోనియం_తాత, మే 20, రాత్రి 10:15

విన్నాను. రెండుసార్లు విన్నాను. ఊపిరి గరగర ఎక్కువ, నిలకడ తక్కువ. అది సరే. నువ్వు ఊదినది స గ మ ప ని. గాంధారం, నిషాదం రెండూ కోమలం. అది శుద్ధ ధన్యాసి రాగం కదయ్యా! హిందుస్తానీ వాళ్ళు ధాని అంటారు. జపాన్ వాళ్ళ పైపులో ఇదెక్కడిది?

పంతులు_ఫిజిక్స్, మే 21, ఉదయం 5:50

తాతగారూ, అసలు సంగతి మీరే పట్టుకున్నారు. వాళ్ళకి వాళ్ళ స్వరాలు, మనకి మన పేర్లు. ఇప్పుడు మీ హార్మోనియం మీద అవే ఐదు మెట్లు ఉంచి ఆధార షడ్జం మార్చి చూడండి. పేర్లు మీరే చెప్పండి, నేను లెక్కల మనిషిని.

హార్మోనియం_తాత, మే 21, ఉదయం 8:25

గ్రహభేదం అంటావు. పొద్దున పూజ కూడా ఆపి చూశాను.

అన్నీ మూస్తే షడ్జం అనుకుంటే శుద్ధ ధన్యాసి. కింది రంధ్రం తెరిచిన స్వరాన్ని షడ్జం చేస్తే మోహనం. రెండోదాన్ని చేస్తే మధ్యమావతి. మూడోదైతే హిందోళం, ఉత్తరాదివాళ్ళ మాల్కౌంస్. నాలుగోదైతే శుద్ధ సావేరి. రంధ్రాలు ఐదు, రాగాలు ఐదు. తంబురా శ్రుతి మార్చుకుంటే చాలు, పైపుని ముట్టుకోనక్కర్లేదు. బాబూ, పొద్దున శుద్ధ సావేరి, చివర మంగళానికి మధ్యమావతి. కచేరీ నీ చేతిలోనే ఉంది.

అయినా గమకం లేని శుద్ధ ధన్యాసి ఏం శుద్ధ ధన్యాసి? హిందోళం సరే సరి, ఊగకపోతే అది హిందోళం కాదు. నీ పైపు మెట్లు ఎక్కినట్టు ఎక్కుతోంది.

మిగులు_పైపు, మే 21, రాత్రి 9:00

తాతా, గడ్డం కొంచెం దించితే స్వరం దిగుతోంది. అర మెట్టు దాకా జారుతోంది. రంధ్రం సగం మూసినా అంతే. ఇదిగో ఇంకో రికార్డు, గాంధారాన్ని కిందికి జార్చి పైకి తెచ్చాను.

హార్మోనియం_తాత, మే 21, రాత్రి 9:40

ఊ.

అది ఊగడం కాదు, వణకడం. రోజూ పొద్దున ఒక్క స్వరమే పావుగంట ఊదు. కింది షడ్జం. ఒక నెల తర్వాత మళ్ళీ పంపు. అయినా అది పైపే.

జోకులేశ్వర్, మే 21, రాత్రి 9:44

తాత "ఊ" అన్నాడంటే పద్మశ్రీ ఇచ్చినట్టే.

మేదరి_మనుమడు, మే 22, ఉదయం 10:30

వెదురు నాదం వేరు, ప్లాస్టిక్ నాదం వేరు అని ఎవరైనా అనబోతారని ముందే చెప్తున్నా. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే ఆయన వెండి, రాగి, చెక్కతో ఒకే కొలతల్లో మూడు ఫ్లూట్లు చేయించి, ఊదే కొస మూడింటికీ ఒకటే రకం పెట్టి, కళ్ళకు కనపడకుండా వినిపించాడు. విన్నవాళ్ళు ఏది ఏదో చెప్పలేకపోయారు. గోడ దేనిదైనా, బోలు, అంచు, రంధ్రాలే శబ్దాన్ని చేస్తాయి. చేతికి తగిలే తీరు మాత్రం వేరే, అది ఒప్పుకుంటా. వెదురు చేతిలో చల్లగా, పొడిగా ఉంటుంది. పైపు పది నిమిషాలకే చెమటకి జారుతుంది.

కరీంనగర్_పోరడు, మే 27, మధ్యాహ్నం 1:10

నేనూ చేసిన, ఈసారి డ్రిల్‌తోటే. మంచిగ పలికింది. నిన్న కారు వెనకద్దం కింద పెట్టి పెండ్లికి పోయిన. నాలుగు గంటలు ఎండలో ఉంది. వచ్చి చూస్తే అరటికాయ లెక్క వంగింది. ఏం చెయ్యాలె?

కాజీపేట_ప్లంబర్, మే 27, మధ్యాహ్నం 1:35

యూపీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మూసిన కారులో, అద్దం కింద అంత వేడి కాకపోయినా, ఒక పక్కకి ఆనించి ఉంటే నెమ్మదిగా వంగుతుంది. మరిగే నీళ్ళు పైపు మీద పోసుకుంటూ, చదునైన బండ మీద దొర్లించు. మెత్తబడ్డాక నేరుగా పట్టుకుని చన్నీళ్ళు పొయ్యి. చేతికి గుడ్డ చుట్టుకో. అంచు దగ్గర మాత్రం వేడినీళ్ళు పడనీయకు, అది మారితే మళ్ళీ మొదటి నుంచి. సీపీవీసీ అయితే ఈ పని జరగదు, వేడినీళ్ళకే చేసిన పైపు అది.

కరీంనగర్_పోరడు, మే 27, రాత్రి 7:50

నేరుగా అయింది. కొంచెం కొబ్బరికాయ వాసన వస్తుంది, అమ్మ చట్నీ గిన్నెలో నీళ్ళు కాచిన.

మిగులు_పైపు, డిసెంబరు 28, ఉదయం 6:55

ఏడు నెలల తర్వాత మళ్ళీ వచ్చాను. తాత చెప్పిన పావుగంట షడ్జం మానలేదు, ఒట్టు. మా వీధి గుళ్ళో ధనుర్మాసం భజనలో హార్మోనియం పక్కన కూర్చోనిచ్చారు. తెల్లవారుజామున ఐదింటికి. మొదటి స్వరం ఊదగానే హార్మోనియం ఆయన నా వైపు తిరిగి చూశాడు. శ్రుతి దిగిపోయింది. యాప్‌లో చూస్తే 40 సెంట్లు తక్కువ. పైపు అదే, కొలతలు అవే. పగిలిందా అని నీళ్ళు పోసి చూశాను, ఎక్కడా కారలేదు.

పంతులు_ఫిజిక్స్, డిసెంబరు 28, ఉదయం 7:20

పగల్లేదు, చలి. మీరు దాన్ని మే నెలలో శ్రుతి చేశారు. గాలి చల్లబడితే ధ్వని వేగం తగ్గుతుంది, డిగ్రీకి సెకనుకు 60 సెంటీమీటర్ల చొప్పున. ఒక్క డిగ్రీకి దాదాపు 3 సెంట్లు. 40 డిగ్రీల మే మధ్యాహ్నానికీ 17 డిగ్రీల డిసెంబరు తెల్లవారుజాముకీ లెక్క ప్రకారం 70 సెంట్ల తేడా రావాలి. మీ ఊపిరి వేడి కాస్త కాపాడింది కాబట్టి 40తో పోయింది. హార్మోనియం లోపల ఇత్తడి రీడ్లు, వాటికి ఈ బాధ చాలా తక్కువ.

కాజీపేట_ప్లంబర్, డిసెంబరు 28, ఉదయం 7:41

మూతికీ, వెనక రంధ్రానికీ మధ్యలో కోసి సాకెట్ పెట్టు తమ్మీ, సిమెంట్ రాయకుండా. లోపలికీ బయటికీ జరుపుకోవచ్చు. ఉత్త సాకెట్ సగమే దిగుతుంది, లోపల ఎమరీతో రుద్దాలి, మధ్యలో ఉండే గట్టు ఆకురాయితో తీసెయ్యాలి.

పంతులు_ఫిజిక్స్, డిసెంబరు 28, ఉదయం 8:03

10, 15 సెంట్లకైతే అన్న చెప్పింది చాలు. 40కి చాలదు. మూతి దగ్గర సెంటీమీటరున్నర తగ్గిస్తే కింది షడ్జం 40 పెరుగుతుంది గాని, బొటనవేలి రంధ్రం దగ్గర పైపు సగమే ఉంటుంది కదా, అక్కడ దానికి రెట్టింపు పెరుగుతుంది. కింద సరిపోతే పైన అపస్వరం. రంధ్రాలతో సహా అన్ని కొలతలూ ఆ మేరకు తగ్గించి చలికాలానికి ఇంకో పైపు చేసుకోవడమే.

హార్మోనియం_తాత, డిసెంబరు 28, ఉదయం 9:30

ఇంత లెక్క ఎందుకయ్యా. గుడికి పోయే ముందు పావుగంట శాలువలో, ఒంటికి ఆనించి పెట్టుకో. వేళ్ళన్నీ మూసి, శబ్దం రాకుండా లోపలికి వెచ్చటి ఊపిరి వదులు. పాట లేనప్పుడు ఒళ్ళో పెట్టుకో, చల్లటి బండ మీద పెట్టకు. వేణువు పట్టుకున్నవాడెవడైనా చేసేది ఇదే. మిగిలిన నాలుగు సెంట్లో ఐదు సెంట్లో గడ్డం ఎత్తి సర్దుకో, ఏడు నెలలు ఊదింది అందుకే కదా.

మిగులు_పైపు, డిసెంబరు 30, ఉదయం 6:40

స్వెట్టర్ లోపల పెట్టుకుని వెళ్ళాను. 40 కాస్తా 12 అయింది, మిగతాది గడ్డంతో. మధ్యమావతిలో మంగళం ఊదనిచ్చారు. ప్రసాదం పెడుతూ పూజారి అడిగారు, ఇదే చెట్టు వెదురు నాయనా అని. పీవీసీ అని చెప్పలేక తల ఊపాను.

నిర్వాహకుడు, డిసెంబరు 30, ఉదయం 10:00

తాతగారు మే నెలలో అడిగిన మార్పు ఇప్పుడు చేస్తున్నాను. ఈ చర్చను ప్లంబింగ్ విభాగం నుంచి సంగీతం విభాగానికి పంపుతున్నాను.

కాజీపేట_ప్లంబర్, డిసెంబరు 30, ఉదయం 10:04

సార్, పంపకండి. ట్యాంకు లీకేజీ గురించి అడగడానికి వచ్చినవాళ్ళు దీన్ని చూసి నలుగురు పైపులు కొన్నారు. మొన్న కాజీపేటలో ఒకాయన ముప్పావు ఇంచు ముక్క చాలు, 56 సెంటీమీటర్లు కోసివ్వమన్నాడు.

హార్మోనియం_తాత, డిసెంబరు 30, ఉదయం 10:20

అక్కడే ఉండనీ. అది పైపే కదా.